తెర మీద సంగీత పాఠం

సెల్లో అనే పేరు మన పాఠకుల్లో చాలామందికి కొత్త కావచ్చు, దాని నాదం మాత్రం కొత్త కాదు. సినిమా పాటలో వయొలిన్ల కింద మనిషి గొంతులా బరువుగా సాగుతుందే, అదే. మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయిస్తారు. ఆ వాద్యాన్ని ఏలిన ఫ్రెంచి విద్వాంసుడు పాల్ టోర్టెలియే (1914-1990) గురించి ఇవాళ రాయడానికి జయంతి, వర్ధంతి లాంటి సందర్భమేమీ లేదు. మన టీవీల్లో సంగీతం పేరుతో నడుస్తున్న తంతు చూస్తుంటే ఆయన గుర్తొచ్చారు, అంతే.

పారిస్‌లో ఒక వడ్రంగి ఇంట్లో పుట్టారాయన. కొడుకు సెల్లో వాయించి తీరాలన్నది తల్లి పట్టుదల. ఇంటికి ఆసరాగా కుర్రతనంలోనే కఫేల్లో, మూకీ సినిమాలు ఆడే హాళ్లలో వాయించారు. 16 ఏళ్లకే పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో మొదటి బహుమతి అందుకున్నారు. తర్వాత మాంటే కార్లో ఆర్కెస్ట్రాలో చేరారు. అక్కడ జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ స్వయంగా నడిపిస్తుండగా, ఆ స్వరకర్త రచనే అయిన ‘డాన్ క్విక్సోట్’ వాయించే అదృష్టం దక్కింది. వీరుణ్నని ఊహించుకుని లోకాన్ని ఉద్ధరించడానికి బయల్దేరే స్పానిష్ నవలా నాయకుడి కథ అది. అందులో కథానాయకుడి గొంతు సెల్లోదే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రెండేళ్లు అమెరికాలోని బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో పనిచేశారు. 1947లో లండన్‌లో ఆర్కెస్ట్రాను నడిపించే థామస్ బీచమ్ అదే రచన వాయించడానికి పిలిచారు. అప్పటినుంచి బ్రిటన్ శ్రోతలు ఆయన్ను సొంత మనిషిలా చూసుకున్నారు.

1950లో ఫ్రాన్స్ సరిహద్దు ఊరు ప్రాడ్‌లో స్పెయిన్ సెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్, జర్మన్ స్వరకర్త బాఖ్ పేరిట ఉత్సవం పెట్టారు. స్పెయిన్‌లో ఫ్రాంకో నియంతృత్వాన్ని నిరసిస్తూ కచేరీలు మానేసిన పెద్దాయన మళ్లీ కమాను పట్టిన సందర్భం అది. ఆ ఆర్కెస్ట్రాలో సెల్లోల వరుసకు ముందు కూర్చున్నది టోర్టెలియే. అప్పటికే పేరున్న విద్వాంసుడై ఉండి, ఇంకొకరి పక్కవాద్యంగా కూర్చోవడానికి ఆయన వెనకాడలేదు. ఇక 1955లో చేసిన పని మరీ చిత్రం. తాను యూదుడు కాకపోయినా భార్యాపిల్లలతో ఇజ్రాయెల్ వెళ్లి, మాబరోత్ అనే కిబ్బుట్జ్‌లో, అంటే ఆస్తి మొత్తం ఉమ్మడిగా ఉండే రైతుల ఊళ్లో, ఏడాది దాకా ఉన్నారు. చేతినిండా కచేరీలున్న మనిషి ఇలా చేస్తే మేనేజర్లకు ఎంత టెన్షనో! క్విక్సోట్‌ను వాయించీ వాయించీ ఆయనకు ఆ పాత్ర పూనిందేమో అని కూడా అనిపిస్తుంది.

సెల్లో అడుగున ఒక చువ్వ ఉంటుంది. వాద్యం బరువు దాని మీదే నేలకు ఆనుతుంది. అందరూ నిటారు చువ్వనే వాడుతున్న రోజుల్లో టోర్టెలియే దాన్ని ఒక కోణంలో వంచారు. దాంతో వాద్యం పైకి లేచి కొంచెం వెల్లకిలా వాలింది. చేతి బరువు కమాను మీదుగా తీగ మీదికి తేలిగ్గా దిగింది. రష్యన్ సెల్లో దిగ్గజం, అంతటి రోస్ట్రోపోవిచ్ కూడా తర్వాత ఈ వంపు చువ్వనే వాడారు. వడ్రంగి కొడుకుకు తట్టాల్సిన ఆలోచనే అనుకుంటాం.

సంగీతం రాశారు, కండక్టర్‌గా ఆర్కెస్ట్రాలనూ నడిపారు. ఆ రెంటిలో ఆయనకు సెల్లోకున్నంత పేరు రాలేదన్నది దాచాల్సిన విషయం కాదు. కండక్టర్‌గా తండ్రిని మించినవాడు కొడుకు యాన్ పాస్కల్. 1992 నుంచి 2003 దాకా బీబీసీ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాకు ప్రధాన కండక్టర్ ఆయనే.

మేము అసలు చెప్పదలచుకున్నది పాల్ టోర్టెలియే గురుత్వం గురించి. 1950ల చివరి నుంచి 1969 దాకా పారిస్ కన్సర్వేటరీలో, తర్వాత జర్మనీలోని ఎస్సెన్‌లో, ఆపైన నీస్‌లో పాఠాలు చెప్పారు. బ్రిటన్ గర్వపడే సెల్లో విద్వాంసురాలు జాక్లీన్ డు ప్రే కూడా 1962లో పారిస్ వెళ్లి ఆయన దగ్గర నేర్చుకుంది. ఈ పాఠాలను గది దాటించి జనంలోకి తెచ్చింది బీబీసీ టీవీ. ఒక విద్యార్థి వాయిస్తుంటాడు. గురువు మధ్యలో ఆపుతాడు. గొంతెత్తి పాడతాడు, కథ చెబుతాడు, లేచి అభినయిస్తాడు, తన సెల్లో అందుకుని ఆ నాలుగు స్వరాలే వాయించి చూపిస్తాడు. ‘ఇప్పుడు నువ్వు’ అంటాడు. సెల్లో జన్మలో ముట్టని వాళ్లు కూడా కూర్చుని చూశారు. ఒక ముక్క మొదట ఎలా ఉందో, పావుగంట తర్వాత ఎలా మారిందో వాళ్ల చెవులకే తెలిసింది.

మన దగ్గర ఇలాంటిది లేదనలేం. విజయవాడ ఆకాశవాణి నుంచి ఓలేటి వెంకటేశ్వర్లు ‘సంగీత శిక్షణ’లో కీర్తనలు నేర్పారు. రేడియో పక్కన నోటుపుస్తకం పెట్టుకుని నేర్చుకున్నవాళ్లు ఈ పాఠకుల్లోనూ ఉంటారు. మరి ఇప్పుడు? పిల్లలు పాడతారు, జడ్జీలు మార్కులేస్తారు, కన్నీళ్లకు క్లోజప్, మధ్యలో యాడ్. తప్పెక్కడ జరిగిందో, దాన్ని ఎలా దిద్దుకోవాలో చెప్పడానికి మాత్రం సమయం చాలదు. జడ్జీల స్థానంలో ఉన్న విద్వాంసులను తప్పుపట్టడం లేదు. వాళ్లలో చాలామందికి నేర్పడం బాగా వచ్చు, నేర్పే వీలే ఇవ్వడం లేదు.

ప్రైవేటు చానళ్లకు రేటింగుల గొడవ ఉంటుంది, ఒప్పుకుంటాం. ప్రజల డబ్బుతో నడిచే దూరదర్శన్‌కు ఆ సాకు చెల్లదు. రాత్రి భోజనాల వేళ వారానికి ఒక్క అరగంట ఇస్తే చాలు. సెట్టింగులు అక్కర్లేదు, ఓటింగు అక్కర్లేదు. ఒక గురువు, ఒక శిష్యుడు, రెండు కుర్చీలు, రెండు కెమెరాలు. శిష్యుడి అపశ్రుతిని ఎడిటింగ్‌లో కోసేయకుండా ఉంటే అదే పదివేలు.