నాలుగు రాళ్ళు వెనకేసుకునే చదువు

"చదువుకోకపోతే రాళ్ళు కొట్టుకుని బతుకుతావ్" అని పెద్దలు భయపెడతారు. ఆ పెద్దలే "నాలుగు రాళ్ళు వెనకేసుకో" అని బుద్ధి చెబుతారు. ఈ రెండు మాటల్నీ తు.చ. తప్పకుండా పాటించేవాడు లోకంలో ఒక్కడే, జియాలజీ విద్యార్థి. చదువుకుంటూనే రాళ్ళు కొడతాడు, కొట్టినవాటిని సంచిలో వేసి వీపున మోస్తాడు. మిగతా శాఖల్లో సుత్తి కొట్టే హక్కు లెక్చరర్లకే ఉంటుంది. ఇక్కడ విద్యార్థికి కూడా ఇచ్చారు. ఇంత ప్రజాస్వామికమైన చదువును చిన్నచూపు చూడటాన్ని ఈ వ్యాసం తీవ్రంగా ఖండిస్తోంది.

సిలబస్‌లో లోటేమీ లేదు. ఖనిజాల గట్టిదనానికి 1812లో ఖనిజ శాస్త్రవేత్త మోస్ వేసిన వరుస ఉంది. అన్నిటికన్నా మెత్తనైన టాల్క్‌ది 1, అన్నిటికన్నా గట్టిదైన వజ్రానిది 10. గోటితో గీస్తే జిప్సం మీద గీత పడుతుంది, కాల్సైట్ మీద గోరే అరుగుతుంది. పదో నంబరు మీద మాత్రం ప్రాక్టికల్ పెట్టరు, కారణం అడక్కండి. బురద గట్టిపడి రాయైన ముక్కలో సిల్ట్, అంటే ఇసుక కన్నా సన్నటి రేణువులు, ఉందో లేదో తెలియాలంటే కాస్త కొరికి పళ్ళ మధ్య నలపాలి. కరకరమంటే సిల్ట్, మెత్తగా జారితే బంకమట్టి. వేరే ఉద్యోగాల్లో మన నోట్లో మట్టి కొట్టడానికి పైఅధికారి కావాలి. ఇక్కడ ఎవరి మట్టి వారిదే. శాస్త్రవేత్తలు రాళ్ళను ఎందుకు నాకుతారో వివరించినందుకు జియాలజిస్టు యాన్ జలాసీవిచ్‌కు 2023లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) కూడా వచ్చింది.

అన్నిటికన్నా గొప్పది ఓర్పు. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళు. ఆ లెక్కలో గత 11,700 ఏళ్ళలో జరిగిందంతా "ఈమధ్యే". కాబట్టి డిగ్రీ చేతికొచ్చాక మీవాడు "ఉద్యోగం త్వరలోనే వస్తుంది" అన్నాడంటే ఏ కొలతలో అన్నాడో ముందు కనుక్కోండి.

వచ్చిందనుకుందాం. చమురు పుట్టడానికి కోట్ల ఏళ్ళు పడుతుంది, చమురు ఉద్యోగం ఊడటానికి ఒక్క త్రైమాసికం చాలు. 2014 మధ్యలో 100 డాలర్లు దాటి ఉన్న పీపా చమురు ధర 2016 మొదట్లో 30కి కిందికి దిగింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ (ముందు తేదీకి సరుకిచ్చే ఒప్పందాలు) పీపాకు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిశాయి. పట్టుకుపోతే ఎదురు డబ్బిస్తామన్నమాట. ఆ చమురును వెతికిపెట్టినవాడి విలువ ఆ రోజు ఎంతో లెక్కగట్టే ధైర్యం నాకు లేదు.

గనుల అన్వేషణ నయం. కొండను తవ్వి ఎలుకను పట్టారని జనం నవ్వుతారు గానీ, చాలాసార్లు ఎలుక కూడా ఉండదు. ఇక్కడ ఎలుక లేదని మీటరు మీటరుకూ రాసిపెట్టినందుకు జీతం ఇచ్చే వృత్తి ఇంకోటి చూపించండి. భూగర్భ జలాల పని కూడా ఉంది. బావి ఎండాకే గుర్తొస్తుంది.

ఆనకట్టల దగ్గర జియాలజిస్టుకు గౌరవం మెండు. రిపోర్టు రాయిస్తారు, చక్కగా ఫైల్లో పెడతారు. ఇటలీలో 262 మీటర్ల వయోంట్ ఆనకట్టను డిజైన్ చేసిన ఇంజినీరు కార్లో సెమెంజా. కొడుకు ఎడొఆర్డో జియాలజిస్టు. జలాశయం పక్క కొండలో ఎప్పుడో పూర్వం జారిన పెద్ద చరియ ఉందని, అది మళ్ళీ కదలొచ్చని కొడుకు 1960 నాటికే తేల్చాడు. 1963 అక్టోబర్ 9 రాత్రి ఆ చరియ జలాశయంలో పడింది. నీరు ఆనకట్ట మీదుగా ఎగిసి కింది ఊళ్ళను ఊడ్చేసింది. దాదాపు 2,000 మంది పోయారు. ఆనకట్ట మాత్రం ఇప్పటికీ నిలబడే ఉంది. ఇక్కడ వెటకారానికి నోరు పెగలదు.

మరీ నిరుత్సాహపడకండి, ఈ చదువుతో చంద్రుడి దాకా వెళ్ళొచ్చు. అక్కడ 12 మంది నడిచారు. వృత్తిరీత్యా జియాలజిస్టు అందులో ఒక్కడు, హారిసన్ ష్మిట్. రాళ్ళు ఏరుకురావడానికి ఆరుసార్లు దిగి, రాళ్ళు తెలిసినవాణ్ణి 1972లో ఆరోసారి తీసుకెళ్ళారు. ఆ యాత్రలో తెచ్చినవి సుమారు 110 కిలోలు. నాలుగు రాళ్ళు వెనకేసుకుందామంటే, అవన్నీ ప్రభుత్వ ఆస్తి.