‘హిస్పానిక్’ గడిలో ఇమడని ఉబ్బసం

ఊపిరితిత్తుల పరీక్ష దగ్గరుండి చూసినవారికి ఆ దృశ్యం గుర్తుంటుంది. పిల్లవాడి ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టంలోకి గట్టిగా ఊదమంటారు. అంతకు ముందే టెక్నీషియన్ వయసు, ఎత్తు, ఆడా మగా అన్న వివరాలతో పాటు ‘జాతి’ అన్న గడి కూడా నింపేస్తారు. ఊదిన గాలి సరిపోయిందా లేదా అని యంత్రం ఇచ్చే తీర్పు ఏళ్ల తరబడి ఆ గడి మీద కూడా ఆధారపడింది. ఈ తీర్పు కోసం అమెరికాలో విస్తృతంగా వాడిన 1999 నాటి సమీకరణాలలో తెల్లవారు, నల్లవారు, మెక్సికన్ అమెరికన్లు అని మూడే వర్గాలున్నాయి. మరి కరీబియన్ సముద్రంలో అమెరికా ఏలుబడిలో ఉన్న ప్యూర్టోరికో దీవి మూలాలున్న పిల్లవాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలి? (మన పిల్లలకూ అందులో చోటు లేదు, చైనావారితో కలిపి ‘ఏషియన్’ అనిపించుకోవడం మనకు అలవాటే.)

అమెరికాలో పిల్లల ఉబ్బసం అందరికంటే ఎక్కువగా ఉన్నది ప్యూర్టోరికన్లలో. బాగా తక్కువగా ఉన్న వర్గాలలో మెక్సికన్ అమెరికన్లు ఒకరు. జనాభా లెక్కల పత్రానికి మాత్రం ఇద్దరూ ‘హిస్పానిక్ లేదా లాటినో’లే, అంటే స్పానిష్ మాట్లాడే ప్రాంతాల మూలాలున్నవారే. 2020లో ఆ పేరు కింద లెక్కకు వచ్చినవారు 6.2 కోట్ల మంది. ఇంత మందికీ కలిపి ఉబ్బసానికి ఒక సగటు కడితే, ఆ అంకె ఈ ఇద్దరిలో ఎవరి ఇంటికీ సరిపోదు. పైగా, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్తెబాన్ బుర్చార్డ్ బృందం 2004లో చూపినట్లు, ఇన్‌హేలర్‌లోని అల్బుటెరాల్ పీల్చాక ప్యూర్టోరికన్ల శ్వాసనాళాలు మెక్సికన్ల కంటే తక్కువగా తెరుచుకున్నాయి. జబ్బు ఎక్కువున్న చోటే మందు తక్కువ పని చేస్తోందన్న మాట.

దీనికి కారణం రక్తంలోనే ఉందని తేల్చేయడం సులభం. ప్యూర్టోరికన్లలో ఆఫ్రికా పూర్వీకుల వాటా, మెక్సికన్లలో అమెరికా ఆదివాసుల వాటా ఎక్కువన్నది నిజమే. 2017లో ఈ రెండు వర్గాలకు చెందినవారే ఎక్కువగా ఉన్న 573 మంది లాటినో పిల్లల రక్తంలో మిథైలేషన్‌ను, అంటే జన్యువుల పనిని పెంచడానికో తగ్గించడానికో డీఎన్‌ఏ మీద పడే రసాయన ముద్రలను, పరిశీలించారు. వర్గాల మధ్య కనిపించిన తేడాలో సుమారు ముప్పావు వంతును జన్యు వారసత్వం వివరించింది. మిగిలిన పావు వంతును అది వివరించలేకపోయింది. తేడా కనిపించిన చోట్లలో, గర్భిణి పొగ తాగడానికీ డీజిల్ పొగకూ మానసిక ఒత్తిడికీ సంబంధం ఉందని అప్పటికే తెలిసిన చోట్లు కొన్ని ఉన్నాయి.

ఆ ముప్పావు వంతును కూడా అచ్చంగా జన్యువుల ఖాతాలో రాయడానికి నాకు మనసొప్పదు. ఒంటి రంగును బట్టి అద్దె ఇల్లు ఏ పేటలో దొరుకుతుందో, ఆ ఇంటి కిటికీ ఏ రహదారి వైపు తెరుచుకుంటుందో చాలావరకు తేలిపోయే దేశంలో, పూర్వీకుల వాటా అన్నది పరిసరాలకు కూడా కొలమానమే అవుతుంది. పసితనంలో వాహనాల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ ఎక్కువగా పీల్చిన లాటినో, నల్లజాతి పిల్లలకు తరువాత ఉబ్బసం ముప్పు పెరిగినట్లు 2013లో బుర్చార్డ్ బృందమే చూపింది.

జన్యువులా, పరిసరాలా అన్న ఇదే చిక్కు మధుమేహంలోనూ ఉంది, ఆ సంగతి క్లుప్తంగా చెబుతాను. అమెరికా ఆదివాసీ మూలాలున్నవారిలో దాదాపు సగం మందికి ఉండే ఎస్‌ఎల్‌సీ16ఏ11 జన్యు రూపం ముప్పును ఒక్కో ప్రతికి సుమారు 20 శాతం పెంచుతుంది. అయితే ఒకే మూలానికి చెందిన పీమా ఆదివాసులలో, 2006 నాటి అధ్యయనం ప్రకారం, ఆరిజోనాలో 38 శాతం మందికి మధుమేహం ఉంటే, సరిహద్దుకు అవతల మెక్సికో కొండల్లో ఒళ్లు వంచి సేద్యం చేసుకునేవారిలో 6.9 శాతం మందికే ఉంది.

ఊపిరితిత్తుల పరీక్షకు జాతి ప్రసక్తి లేని సమీకరణం వాడమని ఊపిరితిత్తుల వైద్యుల సంఘమైన అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2023లో సూచించింది. అది మంచి నిర్ణయమే, కానీ నా దృష్టిలో సగం పనే. గడి తీసేసిన చోట తాతముత్తాతలు ఏ ఊరివారు, బిడ్డ ఎక్కడ పుట్టాడు, ఇంటికి ఎంత దూరంలో లారీలు తిరుగుతాయి, ఇంట్లో పొగ తాగేవారున్నారా అని అడిగి రాసుకోవడానికి నాలుగు ఖాళీ గీతలైనా ఉండాలి. వాటిని నింపడానికి, ఆ తల్లి మాట్లాడే స్పానిష్ వచ్చిన మనిషి ఒకరు బల్లకు అవతల కూర్చోవాలి.