ఇల్లా, బండా, లగేజీనా?

నా దగ్గర ఉన్నదేంటో చెప్పండి మహాప్రభో అని అడగడమే నేను చేసిన నేరం. మంచం, స్టవ్వు, బాత్రూమ్ అన్నీ ఉన్న పెట్టె, పికప్ వెనక తొట్టిలో కూర్చోబెట్టేది, అమెరికాలో ట్రక్ క్యాంపర్ అంటారు. పికప్ మార్చా, కొత్తదాంట్లో ఇది పట్టలేదు, సరే ఫ్లాట్‌బెడ్ ట్రైలర్ మీద పెట్టి లాక్కుపోదాం అనుకున్నా. గుట్టుగా లాక్కుపోతే పోయేది, పద్ధతిగల మనిషిని కదా, రూల్ కనుక్కుందామని బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసుకెళ్ళా.

కౌంటర్‌లో ఆయన మహా మర్యాదస్తుడు. దీనికి చక్రాలున్నాయా సార్ అన్నాడు. పెట్టెకి లేవండీ, కింద ట్రైలర్‌కి ఉన్నాయి అన్నా. అయితే ఇది లోడ్, ట్రైలర్‌కి ప్లేట్ ఉంటే చాలు అన్నాడు. ప్రాణం లేచొచ్చింది, థాంక్స్ చెప్పి కదలబోతుంటే, లోపల పడుకోవచ్చా అన్నాడు. క్యాంపర్ అంటేనే పడుకునేదండీ. అయితే ట్రావెల్ ట్రైలర్, అంటే వెనక లాక్కెళ్ళే ఇల్లు, పక్క కౌంటర్. పక్క కౌంటరావిడ, సీరియల్ నంబర్ ట్రైలర్‌దా పెట్టెదా అంది. రెంటికీ వేరువేరుగా ఉన్నాయండీ. ఒక బండికి రెండు నంబర్లెలా ఉంటాయి? ఒక బండి కాదు కదండీ. అయితే లోడ్, ఆ పక్క కౌంటర్. రెడ్డొచ్చె మొదలాడె, మళ్ళీ అదే మర్యాదస్తుడు, దీనికి చక్రాలున్నాయా సార్. ఈలోగా వెనక నుంచి ఇంకొకాయన వచ్చి బెల్టులతో కట్టారా బోల్టులు బిగించారా అన్నాడు. బెల్టులైతే సరుకట, బోల్టులైతే ఇల్లట. అంటే నా ఇంటికీ లగేజీకీ మధ్య తేడా ఒక స్పానరు.

వాళ్ళననీ లాభం లేదులెండి, పైనుంచే వరస అలా ఉంది. వాషింగ్టన్, ఒరెగాన్‌లలో క్యాంపర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ ఉంది. కాలిఫోర్నియా వెహికల్ కోడ్ 243వ సెక్షన్ ఇంకా ముచ్చటగా ఉంటుంది, ఒక యాక్సిల్, అంటే చక్రాల ఇరుసు, ఉన్న క్యాంపర్ కూడా వాహనం కాదట, చక్రాలు కళ్ళముందే తిరుగుతున్నా సరే. ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళకేమో పడక, వంట, టాయిలెట్ మూడూ ఉంటే అది ఇల్లు కిందే లెక్క, లోన్ వడ్డీకి డిడక్షన్ కూడా అడగొచ్చు. త్రిశంకుడికైనా ఒకటే స్వర్గం కట్టారు.

లైసెన్స్ గోల వేరే. కాలిఫోర్నియాలో మామూలు క్లాస్ సీ లైసెన్స్‌తో లాగే ట్రైలర్ రేటింగ్ 10,000 పౌండ్లు దాటకూడదు. రేటింగండీ, అంటే లోడుతో కలిపి ఎంత బరువు దాకా ఓర్చుకుంటుందని కంపెనీ రాసిన అంకె, అసలు బరువు కాదు. గట్టిది ఉంటే మంచిదని 14,000 పౌండ్ల ట్రైలర్ తెచ్చుకుంటే, దాని మీద పిల్లి కూర్చున్నా ఆ లైసెన్స్ చాలదు.

ఇదంతా నవ్వుకుని పోవచ్చు. నవ్వు రానిది ఒక్కటే. ఇది లోడో ఇల్లో ఒక్క ముక్క రాసివ్వండి, బండిలో పెట్టుకుంటా అన్నా. రాసివ్వడం కుదరదు సార్ అన్నారు. ఎందుకు కుదరదు? రోడ్డు మీద ఆపినాయన నిమిషంలో టికెట్ రాసిస్తాడే, పెన్నులన్నీ ఆయనకే ఇచ్చారా? డబ్బు పట్టుకుని మనిషి ఎదురుగా నిలబడితే దేనికి కట్టాలో చెప్పలేరు, కట్టలేదని ఫైన్ మాత్రం వేస్తారు, సిగ్గనేది ఉండక్కర్లా?

పెట్టె ఇప్పుడు ట్రైలర్ మీదే, మా ఇంటి ముందు ఉంది. నిన్న కాలనీ అసోసియేషన్ వాళ్ళు "ఈ వాహనాన్ని" వెంటనే తీసేయమని నోటీసు పంపారు. సంతకం, స్టాంపు అన్నీ ఉన్నాయి. దాన్నే లామినేషన్ చేయించి బండిలో పెట్టుకుంటున్నా.