మహారాజశ్రీ గోలీసోడా గారి సముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి. తమరు క్షేమంగా ఉన్నారనే తలుస్తాను. మొన్న ఆదివారం తొంభై రూపాయలు కట్టి కూడా తమరి దర్శనం దొరకలేదు కనుక తలచుకోవడం తప్ప నాకు వేరే దారి లేదు. ఆ పెద్ద మాల్‌లో, టోకెన్ పట్టుకుని అరగంట నిలబడితే, వంటగది తలుపు తోసుకుని ఒక కుర్రాడు కాగితపు గ్లాసు తెచ్చి ఇచ్చాడు. అందులో ఉన్నది తమరేనట. పైన పుదీనా ఆకు, పక్కన కాగితపు గొట్టం. సీసా ఏది బాబూ అంటే, "లోపలే కొట్టి పోసేస్తాం సార్, ఇక్కడ పద్ధతి అంతే" అన్నాడు.

పుదీనాను క్షమించాను. బ్లూబెర్రీ వాసనను కూడా క్షమించాను. ధర సంగతి సరేసరి, బండి నిలిపినందుకే అంతకంటే ఎక్కువ కట్టి వచ్చిన మనిషిని. కానీ లోపల కొట్టడం ఏమిటండీ?

తమరి ఒంట్లో ఉన్నది నీళ్ళూ గ్యాసూ. వాటి కోసమా మేము మా ఊరి బస్టాండు ఎదురుగా ఉన్న సోడా కొట్టు ముందు బారులు తీరింది? గాజు సీసాల్లో నిమ్మతొనలు, నువ్వుజీడీలు, వేరుశనగ అచ్చులు ఉండేవి. బల్ల మీద సుగంధి పాకం ఉండేది. మూల గోనెపట్టా కప్పుకున్న గ్యాసు మిషన్ ఉండేది. అది తిప్పుతుంటే సీసా పేలుతుందేమోనని రెండడుగులు వెనక్కి జరిగేవాళ్ళం. కొట్టాయన చెక్కమూత పెట్టి అరచేత్తో ఒక్క గుద్దు గుద్దితే తమరు కీచుమని పెట్టే కేక బస్సులో కూర్చున్నవాళ్ళకు వినిపించేది. మా రూపాయి ఆ కేకకే చెల్లు. సోడా కొసరు. గోలీ ఇవ్వమంటే మాత్రం ఇచ్చేవారు కాదు, ఆ కోపం వేరే ఉంది, ఇప్పుడు వద్దు.

అసలు తమరి పుట్టుకే అలాంటిది. ఇంగ్లండులో మద్యం మానండని ఊరూరా సభలు జరిగే కాలంలో, 1872లో, హైరమ్ కాడ్ అనే ఇంజనీరు ఈ సీసాకు పేటెంటు తీసుకున్నాడు. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి రబ్బరు చుట్టుకు అదిమి పెడుతుంది. పైనుంచి గుద్దితే తప్ప దిగదు, గుద్దితే అరవక మానదు. అంటే గుట్టుగా తెరవడానికి వీల్లేని సీసా అన్నమాట.

సారాయి కొట్టుకేమో తెర ఉండేది. లోపలికి వెళ్ళేవాళ్ళ ముఖానికి తువ్వాలు ఉండేది. 1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాయి మీద తిరగబడ్డారు. మరుసటి ఏడు సారాయి పోయింది, 1995 జనవరిలో మిగతా మందూ పోయింది. ఇక సాయంత్రాలు ఊరి మగవాళ్ళకు మీ బెంచీలే గతి. మా మామయ్య ముఖం ముడుచుకుని వచ్చి ఉప్పు వేసిన నిమ్మసోడా గటగటా తాగి, ఇందులో ఏముందిరా అని గొణిగేవాడు. వెనక వీధిలో అత్తయ్య కేకలు లెక్కపెట్టుకుంటూ నిశ్చింతగా వంట చేసుకునేది. ఆయన వేరే ఎక్కడికీ పోలేదనడానికి ఆవిడకు తమరే సాక్షి.

తమరు మరీ అంత మడి కట్టుకున్నవారని అనను. 1997లో నిషేధం సడలించగానే పెట్టెలకు పెట్టెలు బ్రాందీ షాపుకు కాపురానికి వెళ్ళిపోయారు. ఎన్నికల గొడవల్లో ఎందరి తలలు పగలగొట్టారో. ఊళ్ళో చిన్న అల్లరి రేగినా పోలీసులు ముందు మీ కొట్టే మూయించేవారు. అయినా ఏ తప్పు చేసినా నలుగురికీ వినపడేలా చేశారు.

అలాంటి నువ్వు తలుపు చాటున గుద్దించుకుంటావా? చప్పుడు బయటికి రాకుండా, ఎవరో చూస్తారన్నట్టు, కాగితపు గ్లాసులో తల దించుకుని వస్తావా? సారాయి కూడా తెర వెనక్కి వెళ్ళింది సిగ్గుపడి. నీకేమిటి సిగ్గు? చల్లగా ఉన్నావు, గ్యాసు కూడా కొంచెం ఉంది, తాగుతుంటే ముక్కులోకి ఎక్కి మంట పుట్టింది, అదే పాత మంట. అందుకే మరీ ఒళ్ళు మండింది. చచ్చిపోయావనుకుంటే ఊరుకునేవాణ్ణి. బతికే ఉండి నోరు మూసుకున్నావు.

వచ్చే ఆదివారం మళ్ళీ వస్తున్నాను. తొంభై రూపాయలూ కడతాను, పుదీనా కూడా నమిలేస్తాను. సీసా బల్ల మీదికి తెచ్చి నా ఎదురుగా కొట్టాలి. పక్క బల్లల వాళ్ళు ఉలిక్కిపడి తిరిగి చూడాలి. చిన్నపిల్లలెవరైనా ఉంటే ఇంకోసారి కొట్టమని అడగాలి, దానికీ నేనే డబ్బులిస్తాను.

ఇట్లు,
ఒక కేక బాకీ వసూలు కావలసిన
పాత ఖాతాదారు