రసాలు పిసికిన వేలు

నాలుక మీద కాకరకాయ చేదు ఇంకా పోలేదు, అందుకే ఇది వేడి మీదే రాసేస్తున్నా.

నిన్న తాండ్ర పెడదామని మా ఇంట్లో నూజివీడు రసాలు బుట్టెడు దించారు. పిసికే డ్యూటీ నాది. సగం గిన్నె నిండేసరికి మా ఆవిడ వాళ్ళ అన్నయ్య దిగారు, జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తారు, చేతిలో షుగర్ చూసే కొత్త గ్లూకోమీటర్. "పరగడుపునే ఉన్నారుగా బావగారూ, రండి" అన్నారు. లుంగీకి చేతులు తుడుచుకుని వేలిచ్చా. చురుక్కుమంది, 5 సెకన్లు, 412!

అసలు కథ ఇక్కడే. నేను రక్తం కారే వేలు జెండా కర్రలా పైకెత్తి నిలబడ్డా, ఆయన క్లాసు మొదలెట్టారు. ఆ స్ట్రిప్ మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుందట, అది గ్లూకోజ్ నుంచి ఎలక్ట్రాన్లు లాగుతుందట, అవి మీడియేటర్ అనే మధ్యవర్తి చేతులు మారి ఎలక్ట్రోడ్‌కి చేరతాయట, ఎంత చక్కెర ఉంటే అంత కరెంటు (మా వీధిలో కరెంటు పోయి అప్పటికి గంటైంది, నా వేల్లో మాత్రం దండిగా ఉందన్నమాట), దీనికంతటికీ మూలం 1962లో లేలండ్ క్లార్క్ అని ఒక అమెరికా ఆయనట. నేను నీరసంగా "మీటర్ తప్పు చూపించొచ్చు కదండీ" అంటే "చూపిస్తుంది, ప్లస్ ఆర్ మైనస్ 15 శాతం దాకా ఒప్పుకుంటారు, అది తీసేసినా మీకు 350 ఉంటుంది, కంగారు పడకండి" అని ధైర్యం చెప్పారు. ఎలక్ట్రాన్లని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచిన మనిషి, "వెళ్ళి చేతులు కడుక్కు రండి" అన్న నాలుగు ముక్కలు మాత్రం అనలేదు! మీటర్‌తో వచ్చిన కాగితంలో అదే మొదటి మాటట. అక్షరాలు ఆవగింజంత, పైగా ఇంగ్లీషు, ఎవరు చదివారు?

అత్తయ్యగారు గిన్నె నా ముందు నుంచి లాగేశారు. పక్కింటి పిన్నిగారు కాకరకాయ రసం గ్లాసుతో వచ్చి, అయ్యేదాకా కదల్లేదు.

అట్నుంచటే ల్యాబ్‌కి పరిగెత్తా. అక్కడి అమ్మాయి మోచేతి దగ్గర నరంలోంచి రక్తం తీసి, దూది పట్టుకోమని నా చెయ్యి మడిచింది. మడిచి ఆగింది. "వేళ్ళేంటి సార్, జిగురుగా ఉన్నాయి?"

రిపోర్టులో 94. మీటర్ పాపం చెప్పింది నిజమే, మామిడిపండుకి షుగర్ ఉంది. స్ట్రిప్ పీల్చేది చుక్కలో చుక్క, దానికి వేలికున్న రసం పూత చాలదా!

ఫోన్ చేస్తే బావగారు తడుముకోకుండా "నేను మొదట్నుంచీ అంటున్నా, షుగర్ ఉందో లేదో తేల్చడానికి ల్యాబ్ టెస్టే కరెక్టు" అన్నారు. ఎప్పుడన్నారండీ? వెనకాల జుర్రుతున్న చప్పుడు. ఇంటికెళ్ళేసరికి తాండ్రకి రసం లేదు, పళ్ళెంలో టెంకలున్నాయి, స్ట్రిప్పుల బిల్లు ఫ్రిజ్ మీద నా పేరున పెట్టి ఉంది.