సన్ జూ పుస్తకంలో ఎవరూ షేర్ చేయని అధ్యాయం

"శత్రువును తెలుసుకో, నిన్ను నువ్వు తెలుసుకో, వంద యుద్ధాలు గెలుస్తావు." ఈ మాట మీకూ ఏ వాట్సాప్ స్టేటస్‌లోనో, ఆఫీసు ట్రైనింగ్ స్లైడ్ మీదో కనిపించే ఉంటుంది. నాకు సన్ జూ పరిచయమైంది అలాగే. 'ది ఆర్ట్ ఆఫ్ వార్' మొత్తం చదివాక తెలిసింది, అసలు వాక్యం అది కాదని. చైనీస్ మూలంలో ఉన్నది "వంద యుద్ధాలు చేసినా ప్రమాదం ఉండదు" అని. గెలుపు ఊసు అక్కడ లేదు. పైగా ఆ వాక్యం ఉన్న మూడో అధ్యాయం మొదట్లోనే, వందకు వంద యుద్ధాలు గెలవడం గొప్ప కాదు, పోరాడకుండానే ఎదుటి సైన్యాన్ని లొంగదీయడమే గొప్ప అని రాసి ఉంది.

చిన్న పుస్తకం ఇది. 13 అధ్యాయాలు, దాదాపు 6,000 చైనీస్ అక్షరాలు, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. సన్ జూ రెండున్నర వేల ఏళ్ల కిందట చైనాలోని వూ రాజ్యంలో సేనాపతి అంటారు గానీ, ఇదంతా ఒక్కడే రాశాడా అనే చర్చ ఇంకా నడుస్తోంది. 1972లో షాన్‌డాంగ్ ప్రాంతంలోని లిన్యీలో హాన్ రాజవంశ కాలపు సమాధులు తవ్వితే, వెదురు బద్దల మీద రాసిన ఈ పుస్తకం భాగాలు దొరికాయి.

నన్ను పట్టి కూర్చోబెట్టింది రెండో అధ్యాయం. దాన్నెవరూ షేర్ చేయరు, ఎందుకంటే అందులో వీరత్వం లేదు, ఖర్చుల లెక్క ఉంది. లక్ష మంది సైన్యాన్ని కదిలిస్తే రోజుకు వెయ్యి కొలతల బంగారం పోతుందంటాడు. రథాల మరమ్మతులకు కావలసిన జిగురు, లక్క కూడా ఆ లెక్కలో ఉన్నాయి. శత్రువు నేల మీద దొరికిన ఒక కొలత ధాన్యం, ఇంటి నుంచి మోసుకెళ్లిన ఇరవై కొలతలతో సమానమట. సైన్యం ఉన్న చోట ధరలు పెరుగుతాయి, ధరలు పెరిగితే జనం దగ్గరున్నది ఊడ్చుకుపోతుంది, కాబట్టి సుదీర్ఘ యుద్ధం వల్ల బాగుపడిన దేశమే లేదు అని తేల్చేస్తాడు.

2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి దిగి, కీవ్‌కు ఉత్తరాన ఇంధనం, తిండి సరిగా అందక వాహనాల బారులు రోడ్ల మీద ఆగిపోయినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ లెక్కే. మన సన్‌ఫ్లవర్ నూనెలో ఎక్కువ భాగం ఆ రెండు దేశాల నుంచే వచ్చేది. ఆ మార్చిలో విజయవాడలో, హైదరాబాద్‌లో వంటింటి బడ్జెట్ తలకిందులైంది. సన్ జూ "సైన్యం దగ్గర" ధరలు అన్నాడు, ఇప్పుడు ఆ దగ్గర అన్న మాట వేల కిలోమీటర్ల దాకా సాగింది.

మేనేజ్‌మెంట్ పాఠాల పేరుతో ఈ పుస్తకాన్ని వాడే తీరు మాత్రం నాకు నచ్చదు. పదకొండో అధ్యాయంలో సైనికులను గొర్రెల మందలా తోలాలని, ఎటు వెళ్తున్నారో వాళ్లకు తెలియకూడదని, వెనక్కి దారి లేని చోటికి నెట్టాలని ఉంది. అది ప్రాణాల మీదకు వచ్చిన సైన్యానికి చెప్పిన మాట. దాన్ని తెచ్చి నెల జీతం మీద బతికే ఉద్యోగుల మీద ప్రయోగిస్తే టెన్షన్ పెరగడం తప్ప వ్యూహం ఎక్కడుంది?

గూఢచారుల గురించిన చివరి అధ్యాయంలోనూ ఈ లెక్క మళ్లీ వస్తుంది. లక్ష మంది యుద్ధానికి వెళ్తే 7 లక్షల కుటుంబాల వ్యవసాయం ఆగిపోతుందంటాడు. ఎనిమిది ఇళ్లకు ఒక ఇంటి నుంచి మనిషి వెళ్తే, మిగతా ఏడు ఇళ్లు అతన్ని పోషించాలి కాబట్టి అని పాత వ్యాఖ్యాతలు వివరించారు. అందుకే సమాచారం కోసం కొద్దిపాటి బంగారం ఖర్చు పెట్టడానికి వెనకాడి, శత్రువు సంగతి తెలుసుకోకుండా ఏళ్ల తరబడి యుద్ధం సాగదీసే సేనాపతికి మానవత్వమే లేదంటాడు. ఆ సమాచారం దేవుళ్లను అడిగితే రాదు, శకునాలు చూస్తే రాదు, తెలిసిన మనుషుల నుంచే రావాలి అని కూడా అక్కడే చెబుతాడు.

సరిహద్దులో ఉద్రిక్తత పెరిగిన ప్రతిసారీ మన టీవీ స్టూడియోల్లో కొట్టేయండి, లేపేయండి అనే కేకలు వింటూ నేను పన్నెండో అధ్యాయం తెరుస్తాను. కోపంతో రాజు సైన్యాన్ని లేపకూడదు, కోపం మళ్లీ సంతోషంగా మారవచ్చు గానీ నాశనమైన రాజ్యం తిరిగి లేవదు, చచ్చిపోయినవాళ్లు తిరిగి రారు అని అందులో ఉంది.