బెల్టు చూడని కుక్క

మా మనవడికి ఎనిమిదేళ్లు. కరాటేలో బ్రౌన్ బెల్టు. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా కోడలు కూడా ఎవరు కనిపించినా ముందు ఇవే చెబుతుంది. విజయనగరంలో ఇప్పుడు పిల్లాణ్ని ఏ క్లాసని ఎవరూ అడగడం లేదు, ఏ బెల్టని అడుగుతున్నారు.

జపాన్ భాషలో కరాటే అంటే ‘ఖాళీ చేయి’. ఆయుధం లేని చేయి అని పెద్దలు చెప్పే అర్థం. మూణ్ణెల్లకోసారి పరీక్ష ఫీజు, కొత్త బెల్టు, సర్టిఫికెట్టు, దానికి లామినేషన్ అన్నీ కట్టి ఇంటికొచ్చే మా అబ్బాయిని చూశాక నాకు అసలర్థం బోధపడింది.

ఒకినావా నుంచి గిచిన్ ఫునకోషి 1922లో టోక్యో వెళ్లి ఈ విద్య ప్రదర్శించేనాటికి ఆయనకు యాభై దాటాయి. జూడో వాళ్ల దగ్గర నల్ల బెల్టు పద్ధతి అరువు తెచ్చుకుని 1924లో శిష్యులకు ఇచ్చాడు. పచ్చకీ నీలానికీ మధ్యలో ఓ చారల బెల్టు పెడితే ఇంకో పరీక్ష ఫీజు వస్తుందన్న ఊహే రాలేదు పాపం. వ్యాపారం తెలీని మనిషి. పైగా ‘కరాటేలో మొదటి దెబ్బ లేదు’ అని ఓ సూత్రం కూడా పెట్టాడు. మావాడు దాన్ని చెల్లెలి మీద తప్ప అందరి మీదా పాటిస్తాడు.

మొన్న క్లాసు చూడ్డానికి వెళ్లాను. హియాన్ షోడాన్ అనే కటా చేస్తున్నారు. కటా అంటే ఒక వరసలో చేసే కదలికల కూర్పు. మొత్తం 21 కదలికలు. ఎడమకి తిరిగి కిందికి అడ్డుకోవడంతో మొదలు. తొమ్మిదో కదలికలో ఒకసారి, పదిహేడో కదలికలో ఒకసారి గట్టిగా అరవాలి. మావాడి అరుపుకి గోడ మీది పావురాలు లేచిపోయాయి.

“ఒరే, ఆ అడ్డుకోవడం ఎవర్నిరా?” అన్నాను.

“ఎవర్నీ కాదు తాతా. పరీక్షకి.”

ఒక చేత్తో గుద్దేటప్పుడు రెండో పిడికిలి నడుం దగ్గరికి లాగుతారు. అందానికి కాదట, పట్టుకున్న శత్రువు మణికట్టుని లాక్కోవడానికట. ఈ సంగతి చెప్పిన ముసలి మాస్టారి దగ్గర నలుగురే పిల్లలున్నారు. “ఏటి చేస్తాం బాబూ, మోకాలు వొంచి రెండు నిమిషాలు నిలబడమంటే వాళ్లమ్మ వాటర్ బాటిల్ పట్టుకొచ్చెస్తాది” అన్నాడు. ఈ ఊళ్లోనే పెరిగిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసుల్ని ఊపిరి బిగబట్టి తెంపేవాడు. ఆయనది ఏ రంగు బెల్టో ఎక్కడా రాసిలేదు.

ఆ సాయంత్రం గంటస్తంభం దగ్గర కూరలు కొని సందులోంచి వస్తున్నాం. కుక్క అడ్డొచ్చి పళ్లు చూపించింది. నేను పక్కకి తప్పుకుని బ్రౌన్ బెల్టుకి దారిచ్చాను. బ్రౌన్ బెల్టు నా వెనక్కి వెళ్లి పంచె పట్టుకుంది. ఇక తప్పక ఎడమ కాలు ముందుకేసి, మోకాలు వంచి, ఆనపకాయ సంచి ఉన్న చేత్తో కిందికి అడ్డుకున్నాను. కుక్క కాసేపు నన్ను చూసింది. తర్వాత సంచిని చూసింది.

కిళ్లీ కొట్టు లోంచి, “ఏటి మాస్టారూ, నడుం పట్టీసిందా?” అని కేక.

కుక్క వెళ్లిపోయింది. భయపడి కాదు, జాలిపడి.

కాబట్టి మునిసిపాలిటీ వారికి నా సూచన: వీధికుక్కలకు కూడా పరీక్షలు పెట్టి మెడలో రంగు బెల్టులు కట్టాలి. ఎదురొచ్చింది తన గ్రేడు కుక్కో, పై గ్రేడు కుక్కో తెలీక మన పిల్లలు అన్యాయమైపోతున్నారు. ఫీజు సంగతి తర్వాత చూసుకోవచ్చు, కుక్కల తల్లిదండ్రులు ఎలాగూ దొరకరు.

ఇంటికెళ్లగానే మావాడు వాళ్లమ్మతో చెప్పిన మొదటి మాట, “తాత వెనక కాలు తప్పు పెట్టాడు.”

మర్నాటికి నాకు తెల్ల డ్రెస్సు, తెల్ల బెల్టు వచ్చేశాయి. పరీక్ష వచ్చే ఆదివారమే. ఫీజు కట్టేశారట.